టీనేజీ పిల్లలు, మనసు, సోషల్ మీడియా: వరంగల్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ ద్వారా పిల్లలకు మానసిక ఆరోగ్యం గురించి ఎలా చెప్పాలని హన్మకొండ, కాజీపేట, నర్సంపేట, పరకాల, ములుగు వైపు తల్లిదండ్రులు, టీచర్లు, పిల్లలు అడిగే ప్రశ్నలు ఇవి. నేను ఇంటర్ విద్యార్థులకు పాఠాలు చెప్పేదాన్ని, డాక్టర్‌ను కాను. అందుకే జబ్బు నిర్ధారణ గురించి, మందుల గురించి ఇక్కడ చెప్పడం లేదు. మీ ఇంట్లో ఎవరి ప్రాణానికైనా ఇప్పుడే ముప్పు ఉందనిపిస్తే చదవడం ఆపి 112కి ఫోన్ చేయండి. మనసులో మాట చెప్పుకోవాలంటే 14416 ఉంది, అది టెలీ మానస్ అనే ఉచిత ప్రభుత్వ హెల్ప్‌లైన్.

ఫోన్ వల్లే పిల్లలు ఆగమవుతున్నారంటుంటే, మళ్లీ అదే ఫోన్‌లో మనసు గురించి పాఠాలేంటి మేడం?

ఈ ప్రశ్నలో కోపం ఉంది. ఆ కోపానికి కారణమూ ఉంది. రాత్రి రెండింటి దాకా దుప్పటి కింద ఫోన్ వెలుగుతుంటే ఏ తల్లికైనా కడుపు మండుతుంది. అయితే ఒక సంగతి గమనించండి. నిద్ర పట్టకపోయినా, గుండె దడదడలాడినా, ఊరికే ఏడుపొచ్చినా మన పిల్లల్లో చాలామంది ముందుగా అడిగేది ఫోన్‌నే. అమ్మకు చెబితే భయపడుతుందని, బాపుకు చెబితే తిడతాడని, లెక్చరర్‌కు చెబితే క్లాసంతా తెలుస్తుందని వాళ్ల లెక్క. ఫోన్ తిట్టదు.

అలా వెతికిన పిల్లకు అక్కడ ఏం దొరుకుతోంది? ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉన్న వీడియోలు, ఎక్కడో అమెరికా కాలేజీ జీవితం చుట్టూ తిరిగేవి. తెలుగులో దొరికేవాటిలో చాలా వరకు నల్ల తెర మీద నాలుగు ముక్కలు, వెనకాల ఏడుపు పాట. నైంనగర్ హాస్టల్‌లో ఉండి ఎప్‌సెట్‌కు చదువుకునే భూపాలపల్లి అమ్మాయికి ఇందులో పనికొచ్చేది ఏముంది?

ఫోన్ లాక్కుంటే ఆ వెతకడం ఆగదు, స్నేహితురాలి ఫోన్‌లో సాగుతుంది. పిల్లలు ఎలాగూ అక్కడే నేర్చుకుంటున్నారు కాబట్టి సరైన సమాచారాన్ని మన మాటలో అక్కడ పెట్టాల్సింది మనమే. ఒక వీడియో ఎవరి జబ్బునూ నయం చేయదు. పిల్లను ఒక మనిషి దగ్గరికి, అంటే అమ్మ, టీచర్, డాక్టర్, హెల్ప్‌లైన్‌లో మాట్లాడే వ్యక్తి, వీళ్లలో ఎవరో ఒకరి దగ్గరికి నడిపించగలదు. ఆ పని చేస్తే మంచి వీడియో, చేయకపోతే ఎన్ని వ్యూస్ వచ్చినా లాభం లేదు. నా జవాబులన్నీ ఈ నమ్మకం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇది మన పిల్లలకు అంత అవసరమా? పట్నం పిల్లల సమస్య కదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. మన దేశంలో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో అది 7.3 శాతం అని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. లేనంత మాత్రాన మన ఇళ్లలో సమస్య లేదనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. పత్తి పంట పోయిన ఏడాది ఇంట్లో జరిగే లొల్లి, గల్ఫ్‌లో ఉన్న తండ్రి, పదేళ్లకే హాస్టల్ జీవితం, ర్యాంకుల పోటీ, ఇవన్నీ మన పిల్లల మీద పడే బరువులే.

మానసిక ఆరోగ్యంపై అవగాహన అంటే పిల్లలకు ఏం తెలియాలి?

దీన్ని ఒక ప్రత్యేక విషయంగా ముందుకు తెచ్చింది ఆస్ట్రేలియా పరిశోధకుడు ఆంథోనీ జోర్మ్, ఆయన సహచరులు, 1997లో. గుండెపోటు లక్షణాలు జనానికి కొంత తెలుసు, మరి డిప్రెషన్ లక్షణాలు ఎందుకు తెలియవు అన్నది వాళ్లను కదిలించిన ప్రశ్న.

ఇంటర్ చదివే పిల్లకు ఇంత తెలిస్తే చాలని నేను అనుకుంటాను: మామూలు బాధ ఎప్పుడు జబ్బుగా మారుతోందో పోల్చుకోవడం, అది తన తప్పో, దేవుడి శాపమో, ఎవరో చేసిన చేతబడో కాదని తెలియడం, మందులతో, మాటల చికిత్సతో తగ్గుతుందని తెలియడం, ఎవరిని అడగాలో, ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో తెలియడం, పక్క బెంచీ స్నేహితుడు కుంగిపోతుంటే ఏం మాట్లాడాలో తెలియడం. చివరిది ముఖ్యం. ఈ వయసు పిల్లలు ముందుగా చెప్పుకునేది ఇంకో పిల్లాడికే.

మామూలు టెన్షన్‌కూ జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది?

మూడు విషయాలు చూడండి: ఎన్ని రోజులుగా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది, రోజువారీ పనులకు ఎంత అడ్డొస్తోంది. ప్రాక్టికల్స్ ముందు రోజు చేతులు వణికి, పరీక్ష అయ్యాక హాయిగా పడుకుంటే అది టెన్షన్. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగానో దేని మీదా ఇష్టం లేకుండానో ఉండి, తిండీ నిద్రా మారిపోయి, పుస్తకం తెరిచినా ఏమీ ఎక్కక, ఆటకూ స్నేహితులకూ దూరమైతే డాక్టర్‌కు చూపించాలి. పిల్లల్లో దిగులు చాలాసార్లు చిరాకులా, కోపంలా బయటికొస్తుంది. కడుపు నొప్పి, తలనొప్పిలా కూడా రావచ్చు. "పొగరెక్కింది" అని మనం అనుకునే పిల్లాడు లోపల రందితో కాలిపోతూ ఉండొచ్చు.

చావు గురించిన మాట వస్తే మాత్రం రెండు వారాలు ఆగకూడదు. ఆ రోజే కదలాలి.

మా అమ్మాయి రీల్స్ చూసి "నాకు ఏడీహెచ్‌డీ ఉంది" అంటోంది. నవ్వాలా, భయపడాలా?

రెండూ వద్దు. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం మామూలు కంటే ఎక్కువగా ఉండే సమస్య. "ఏ వీడియో చూసినవ్ బిడ్డా, నాక్కూడా చూపియ్యి" అని అడిగి పక్కన కూర్చోండి. జబ్బు పేరు తప్పు కావచ్చు, కానీ దాని వెనక ఒక ఇబ్బంది తప్పకుండా ఉంటుంది: చదువు మీద మనసు నిలవడం లేదు, నిద్ర చాలడం లేదు, లేదా క్లాసులో అవమానం జరిగింది.

ఆ వీడియోల సంగతికొస్తే, కెనడా పరిశోధకులు టిక్‌టాక్‌లో ఏడీహెచ్‌డీ గురించి బాగా చూసిన 100 వీడియోలను పరిశీలించి 2022లో ఫలితాలు ప్రచురించారు. అందులో 52 శాతం తప్పుదోవ పట్టించేవని తేలింది. టిక్‌టాక్ మన దేశంలో 2020 జూన్ నుంచి లేకపోయినా, ఆ తరహా వీడియోలు రీల్స్‌లో, షార్ట్స్‌లో వస్తూనే ఉన్నాయి. తాళంచెవులు మర్చిపోవడం, పాఠం మధ్యలో ధ్యాస తప్పడం లాంటివి అందరికీ ఉండేవే. వాటినే లక్షణాలుగా చూపిస్తే చూసిన ప్రతివాళ్లకూ "ఇది నేనే" అనిపిస్తుంది. నిజానికి ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనిపించాలి, చదువునో బతుకునో దెబ్బతీస్తూ ఉండాలి. 30 సెకన్ల వీడియోలో తేలేది కాదు.

అమ్మాయి అంతగా అంటోందంటే ఒకసారి చూపించండి. ఏమీ లేదని తేలినా, "అమ్మ నా మాట నమ్మింది" అన్న ధైర్యం ఆ పిల్లకు మిగులుతుంది.

ఏ వీడియోను నమ్మాలి? పిల్లలకు ఎలా చెప్పాలి?

చెప్పేవాళ్ల చదువు ఏమిటి, పనిచేసే చోటు ఏది అని ముందు చూడమనండి. తర్వాత వీడియో చివర్లో ఏం అడుగుతున్నారో చూడమనండి. ఏదో పొడి, కోర్సు, యాప్ కొనమంటే అక్కడే ఆపేయాలి. "ఈ 5 ఉంటే మీకు డిప్రెషన్ ఉన్నట్టే" అని తేల్చేసేవి, "మందులు అలవాటైపోతాయి, మానేయండి" అనేవి రెండూ ప్రమాదమే. సైకియాట్రీ మందు వాడుతున్న పిల్లవాడు వీడియో చూసి ఒక్కసారిగా ఆపేస్తే ఆరోగ్యం తిరగబెట్టవచ్చు. ఆపాలన్నా తగ్గించాలన్నా డాక్టరే చెప్పాలి.

ఒక్కసారి బాధ వీడియో చూస్తే అన్నీ అవే వస్తున్నాయి. ఎందుకు?

మీరు దేని మీద ఎంతసేపు ఆగారు, దేన్ని మళ్లీ చూశారు, దేన్ని ఎవరికి పంపారు అన్నదాన్ని యాప్ గమనిస్తుంది. నచ్చి చూశారా, బాధతో చూశారా అన్నది దానికి తెలియదు. తిడుతూ కామెంట్ పెట్టినా మీకు అందులో ఆసక్తి ఉన్నట్టే లెక్క. అందుకే ప్రేమలో దెబ్బతిన్న రోజు రాత్రి ఒక పిల్లాడు నాలుగు విరహం రీల్స్ చూస్తే, తెల్లారేసరికి అతని ఫోన్ నిండా విరహమే ఉంటుంది. ప్రపంచమంతా తనలాగే ఏడుస్తోందనుకుంటాడు.

ఇది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో 2017లో చనిపోయిన 14 ఏళ్ల అమ్మాయి కేసులో, ఆమె ఫోన్‌కు వచ్చిన దిగులు, స్వీయహాని పోస్టులు కూడా ఆమె మరణానికి దోహదం చేశాయని 2022లో అక్కడి విచారణాధికారి తేల్చారు.

పిల్లలు చేయగలిగినవి ఉన్నాయి. అలాంటి వీడియో రాగానే చూడకుండా, మూడు చుక్కలు నొక్కి "ఆసక్తి లేదు" అని పెట్టాలి. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో సూచనలన్నీ చెరిపేసి మొదటి నుంచి ప్రారంభించే రీసెట్ సదుపాయం ఉంది. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ తీసేయవచ్చు. నేను క్లాసులో దీన్ని పిల్లలతోనే చేయిస్తాను. ఫీడ్ మారడం కళ్లారా చూశాక, ఫోన్ తనకు ఏం చూపించాలో తాను కూడా కొంత నిర్ణయించవచ్చని వాళ్లకు అర్థమవుతుంది. ఉపన్యాసంతో అది రాదు.

మా కాలేజీ పిల్లలతో ఒక ఇన్‌స్టా పేజీ మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఎలా?

కెమెరా, ఎడిటింగ్ గురించి పిల్లలకు మీకంటే బాగా తెలుసు. మీరు చూసుకోవాల్సింది మిగతాది.

ముందు ఖాతా ఎవరిదో తేల్చండి. ఒక విద్యార్థి సొంత ఖాతా మీద నడపవద్దు. కాలేజీ పేరుతో, ఇద్దరు పెద్దల చేతిలో పాస్‌వర్డ్ ఉండేలా పెట్టండి. ఒక్కరే పెద్ద ఉంటే, ఆయన ఊరెళ్లిన రోజే ఎవరో ఏడుస్తూ మెసేజ్ పెడతారు. మెసేజ్‌లు ఎవరు చూస్తారు, ఎన్ని గంటల మధ్య చూస్తారు అన్నది పేజీ పరిచయంలోనే రాయండి. రాత్రిపూట వచ్చే మెసేజ్‌కు దానంతటదే వెళ్లే జవాబు పెట్టండి: "ఇప్పుడు మేము చూడలేకపోతున్నాం. మాట్లాడాలంటే 14416, 24 గంటలూ తెలుగులో." విద్యార్థి వాలంటీర్లు ఎవరికీ విడిగా కౌన్సెలింగ్ చేయకూడదు. పదహారేళ్ల పిల్ల మీద ఇంకో పిల్ల ప్రాణం బరువు పెట్టడం అన్యాయం. వాళ్ల పని ఆ మెసేజ్‌ను పెద్దవాళ్లకు చేర్చడం వరకే.

స్క్రిప్ట్ రాశాక ఒక సైకాలజిస్ట్‌కో సైకియాట్రిస్ట్‌కో చూపించండి. వీడియో తీశాక మార్చడం కంటే కాగితం మీద మార్చడం తేలిక. వీడియోలో కనిపించే 18 ఏళ్లలోపు పిల్లల తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. "నాకు డిప్రెషన్ వచ్చింది, తగ్గింది" అని సొంత అనుభవం చెప్పడానికి ఒక విద్యార్థి ముందుకొస్తే సంతోషమే, కానీ తొందరపెట్టవద్దు. ఒకసారి నెట్‌లోకి వెళ్లింది వెనక్కి రాదు. పెళ్లిచూపుల నాడు ఎవరో దాన్ని తవ్వి తీయవచ్చు. ముఖం లేకుండా గొంతుతో, లేదా ఇంకొకరు చదివినట్టుగా చేయవచ్చు.

ఏ నెలలో ఏం చెప్పాలో మన కాలేజీ ఏడాదే చెబుతుంది. జూన్‌లో కొత్తగా హాస్టల్‌కొచ్చి ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్లల గురించి. దసరాకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలతో మాట మొదలుపెట్టడం గురించి. ఫిబ్రవరి, మార్చిలో నిద్ర, భయం, చదివింది గుర్తుండటం గురించి. ఏప్రిల్‌లో ఫలితాల గురించి. ఏడాదికోసారి అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ఒక పోస్టర్ పెట్టి ఊరుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

భాష దగ్గర పట్టుదలగా ఉండండి. "ప్రతికూల భావోద్వేగాలను నియంత్రించుకోవాలి" అంటే ఎవరూ ఆగి చూడరు. "మనసుల ఏదో పరేషాన్ ఉంది, ఎవలకు చెప్పాల్నో తెల్వట్లే" అని ఒక పిల్ల మొదలుపెడితే చేతులు ఆగుతాయి. బతుకమ్మ నెలలో ఉయ్యాలో వరసలో అమ్మాయిలే పాట కట్టి పాడితే, అది అమ్మల వాట్సాప్ గ్రూపుల్లోకీ వెళ్తుంది. పిల్లల కోసం చేసినది తల్లులకు చేరడం కంటే మంచి సంగతి ఏముంటుంది?

ఆత్మహత్య గురించి మాట్లాడితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా?

కాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నిదానంగా, నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే ఊపిరి పీల్చుకున్నట్టు చెప్పేసే పిల్లలే ఎక్కువ.

హాని చేసేది మాట్లాడే తీరు. ఎలా చనిపోయారో, ఎక్కడ చనిపోయారో వివరాలు పెట్టకూడదు. రాసిన చీటీ ఫొటో పెట్టకూడదు. "మార్కులు తక్కువొచ్చాయని చనిపోయింది" అని ఒకే కారణానికి ముడిపెట్టకూడదు. అది నిజమూ కాదు, పైగా మార్కులు తక్కువొచ్చిన ఇంకో పిల్లకు దారి చూపినట్టవుతుంది. "ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు" అనకూడదు. ఆస్ట్రేలియాలోని ఒరిజెన్ సంస్థ 2018లో యువత కోసమే "చాట్‌సేఫ్" పేరుతో ఇలాంటి మార్గదర్శకాలు తెచ్చింది. కష్టకాలంలో సాయం అడిగి బయటపడిన వాళ్ల కథలు చెప్పడం మేలు చేస్తుంది.

మన దగ్గర ఒక అలవాటు నన్ను చాలా బాధపెడుతుంది. క్లాస్‌మేట్ పోయిన రోజు అందరి స్టేటస్‌లలో అదే ఫొటో, పూలదండ, గుండె పిండే పాట, "మిస్ యూ రా మామా". పిల్లల దుఃఖం నిజమైనదే, దాన్ని తప్పుపట్టను. కానీ అదే రాత్రి ఒంటరిగా, లోపల కుంగిపోయి ఉన్న ఇంకో పిల్లాడు ఆ స్టేటస్‌లన్నీ చూస్తాడు. "నేను పోతే నన్ను కూడా ఇంత ప్రేమిస్తారు" అనుకునే ప్రమాదం ఉంది. ఆ రోజు పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి ఏడవనివ్వండి, మాట్లాడనివ్వండి. స్టేటస్ పెట్టాలనుకుంటే వాడితో గడిపిన ఒక మంచి రోజు గురించి రాసి, కింద 14416 రాయమనండి.

వ్యవసాయం చేసే ఇళ్లకు ఒక మనవి: పురుగుమందులు ఎప్పుడూ తాళం వేసిన చోటే ఉండాలి. ఆ క్షణం గడిచిపోతే చాలామంది బతుకుతారు.

ఇంటర్ ఫలితాల రోజు ఏం పోస్ట్ చేయాలి?

ఆ రోజు హన్మకొండ చౌరస్తాలో ఫ్లెక్సీలు, ఫోన్లలో ర్యాంకుల ప్రకటనలు, చుట్టాల ఫోన్లు అన్నీ కలిసి ఒక పిల్లాడి మీద పడతాయి. మీ పేజీలో టాపర్ల ఫొటోలు ఆ రోజు వద్దు. ఫలితాలకు ముందు రోజు సాయంత్రమే పోస్ట్ పెట్టండి: ఫెయిలైతే అడ్వాన్స్‌డ్ సప్లమెంటరీ ఉంది, అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేయవచ్చు, మన కాలేజీలో ఫలానా మేడం రోజంతా ఫోన్ ఎత్తుతారు. దారి తెలిసిన పిల్లకు భయం తగ్గుతుంది. తల్లిదండ్రుల గ్రూపులో విడిగా ఇంకొకటి పెట్టండి: "ఈ రోజు పిల్లల్ని ఒంటరిగా వదలకండి. మార్కుల సంగతి రేపు మాట్లాడుకుందాం, ముందు అన్నం పెట్టండి."

మా దోస్తు అర్ధరాత్రి "ఇగ నావల్ల కాదు" అని స్టోరీ పెట్టాడు. నేనేం చేయాలి?

లైక్ కొట్టి వదిలేయవద్దు, స్క్రీన్‌షాట్ గ్రూపులో వేయవద్దు. ఫోన్ చెయ్యి. ఎత్తితే "నేనున్నా, ఎక్కడున్నవ్, పక్కన ఎవరున్నరు" అని అడుగు. సలహాలు చెప్పకుండా విను. లైన్‌లో ఉండగానే వాళ్లింట్లో వాళ్లకో, వార్డెన్‌కో, మీ ఇంట్లో పెద్దవాళ్లకో ఇంకో ఫోన్ నుంచి చెప్పు. ఎత్తకపోతే నేరుగా వాళ్లింటికి ఫోన్ చెయ్యి. ఎవరూ దొరక్కపోతే 112. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పోస్ట్‌ను ఆత్మహత్య, స్వీయహాని కింద రిపోర్ట్ కూడా చేయవచ్చు, నీ పేరు అతనికి తెలియదు.

"ఎవలకు చెప్పనని ఒట్టు వెయ్యి" అన్నా సరే, ఈ ఒక్క విషయంలో ఒట్టు వేయకు. వేసి ఉన్నా చెప్పెయ్. రేపు కోపం చేసుకున్నా ఫరవాలేదు, బతికి ఉంటాడు.

పోలీసు కేసవుతుందని భయం. అందుకే చాలామంది ఆస్పత్రిలో కూడా అబద్ధం చెబుతారు కదా?

ఆ భయం వల్ల ప్రాణాలు పోతున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి. ఆ కారణంగా విచారించి శిక్షించకూడదు. వాళ్లకు చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. డాక్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఊళ్లో తెలిస్తే పరువేం కావాలి? నా పేరు బయటపడకుండా అడగొచ్చా?

అదే చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతోంది. చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోనో వివరాలో వాళ్ల అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు.

సోషల్ మీడియాలో మాత్రం పిల్లలు ఒక పొరపాటు పడుతుంటారు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో ప్రశ్నల పెట్టెలో రాస్తే పేరు కనబడదనుకుంటారు. జవాబు పోస్ట్ చేసినప్పుడు మిగతావాళ్లకు కనబడదు, పేజీ నడిపేవాళ్లకు మాత్రం ఎవరు రాశారో తెలుస్తుంది. పేజీ నడిపేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి. అసలు పేరు వద్దనుకునే వాళ్ల కోసం కాలేజీలో ఒక మూలన తాళం వేసిన చీటీల డబ్బా పెట్టి, వాటికి పేజీలో జవాబులివ్వడం అన్నిటికంటే మంచి పద్ధతి.

గురుకులంలో, కేజీబీవీలో (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో) ఫోన్లు ఉండవు. మా పిల్లలకు ఎలా?

వీడియోలను డౌన్‌లోడ్ చేసి, స్టడీ అవర్‌కు ముందు ప్రొజెక్టర్ మీద వేసి, తర్వాత పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. ఫోన్‌లో ఒంటరిగా చూసేదానికంటే ఇదే బాగుంటుంది, ఎందుకంటే చూసిన వెంటనే పక్కన మనిషి ఉంటుంది. తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం వాళ్లకూ ఒక వీడియో చూపించండి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్ గోడ మీద రాసి, అవసరమైనప్పుడు ఆఫీసు ఫోన్ నుంచి చేసుకోనివ్వాలి. ఎందుకు చేస్తున్నావని అడగకూడదు.

మా బాపు దుబాయ్‌లో ఉంటాడు. వాట్సాప్ కాల్‌లో ఈ విషయాలు ఎలా చెప్పను?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఇది పెద్ద ప్రశ్న. దూరాన ఉన్న మనిషిని బాధపెట్టకూడదని పిల్లలు, పిల్లల్ని బాధపెట్టకూడదని తండ్రులు, "అంతా మంచిగనే ఉన్నం" అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. నోటితో చెప్పలేకపోతే వాయిస్ మెసేజ్ పంపు, లేదా ఒక మంచి వీడియో పంపి "బాపూ, నాకు కూడా ఇట్లనే అనిపిస్తుంది" అని ఒక్క వాక్యం జత చెయ్యి. తండ్రులకు ఒక మాట: మార్కులు అడిగే ముందు నిద్ర మంచిగ పడుతుందా అని అడగండి.

ఆదిలాబాద్, ములుగు, మహబూబాబాద్ తండాల్లో, గూడేల్లో తెలుగు వీడియోలు సరిపోతాయా?

బడికెళ్లే పిల్లలకు అర్థమవుతుంది, ఇంట్లో పెద్దలకు కాదు. గోండి, కోయ, కొలామీ, లంబాడీ మాట్లాడే విద్యార్థులే ఒకటి రెండు నిమిషాల ఆడియో చేసి వాట్సాప్‌లో పంపితే మంచిది. సిగ్నల్ సరిగ్గా లేని చోట వీడియో కంటే ఆడియో సులువుగా వెళ్తుంది. భూతవైద్యుడి దగ్గరికి వెళ్లేవాళ్లను ఎగతాళి చేసే వీడియోలు దయచేసి చేయవద్దు. "దేవునికి మొక్కుకోండి, డాక్టర్‌కు కూడా చూపించండి" అంటే వింటారు.

ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తున్నారు. ఇంట్లో చెబితే చంపేస్తారు.

నీ తప్పు లేదు. డబ్బు పంపకు, ఇంకో ఫొటో పంపకు, చాట్ చెరిపేయకు, స్క్రీన్‌షాట్లు తీసుకో. 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్, 1098 పిల్లల హెల్ప్‌లైన్, ఆడపిల్లల రక్షణ కోసం ఉన్న పోలీసు షీ టీమ్స్, వీటిలో దేనికైనా చెప్పవచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల అసభ్య చిత్రాలు దాచుకోవడం, పంపడం పోక్సో చట్టం, ఐటీ చట్టం కింద నేరం. "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ద్వారా ఆ చిత్రాన్ని ఎవరికీ చూపించకుండానే ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల వ్యాపించకుండా ఆపే ప్రయత్నం చేయవచ్చు.

తల్లిదండ్రులారా, ఇలాంటిది తెలిసిన రోజు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట "నువ్వెందుకు పంపినవ్" కాకూడదు. ఆ పిల్ల మళ్లీ మీ దగ్గరికి వస్తుందా రాదా అన్నది ఆ మాట మీదే ఉంటుంది.

రోజుకు ఎన్ని గంటలు చూడనివ్వాలి?

గంటల కంటే నిద్రను చూడండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఫోన్ పడక గదిలో కాకుండా హాల్‌లో ఛార్జింగ్ పెట్టడం, ఆ నియమం అమ్మానాన్నలకు కూడా వర్తించడం, ఈ రెండూ చాలా వరకు సరిచేస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలో తెచ్చిన టీన్ ఖాతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి, ఖాతా ప్రైవేట్‌గా ఉంటుంది, 16 ఏళ్లలోపు వాళ్లు వీటిని మార్చాలంటే పెద్దల అనుమతి కావాలి. పుట్టిన సంవత్సరం అబద్ధం చెప్పి ఖాతా తెరిచి ఉంటే ఇవేవీ పనిచేయకపోవచ్చు. అది ఒకసారి చూసుకోండి.

చాట్‌బాట్‌తో నా బాధ చెప్పుకుంటున్నా. తప్పా?

తప్పు కాదు. మాటలు కూడగట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ నువ్వు రెండు రోజులుగా తినలేదని దానికి కనబడదు, ప్రమాదమైతే వచ్చి మీ ఇంటి తలుపు తట్టడం దానివల్ల కాదు. దానికి రాసిందే కాపీ చేసి నీకు నమ్మకమున్న ఒక పెద్ద మనిషికి పంపు.

వరంగల్‌లో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. సైకియాట్రిస్ట్ అంటే మందులు రాయగల డాక్టర్, సైకాలజిస్ట్ మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఎవరు కావాలో తెలియకపోతే ముందు డాక్టర్‌ను కలవండి, వాళ్లే చెబుతారు. బస్సు ఛార్జీలకు, సెలవుకు ఇబ్బందైతే టెలీ మానస్ 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు.

మా పేజీకి లైకులే రావడం లేదు. ఆపేద్దామా?

ఆపవద్దు. ఇలాంటి పోస్ట్‌కు లైక్ కొడితే "నీకేమైంది రా" అని దోస్తులు అడుగుతారని పిల్లలు కొట్టరు. ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది విడిగా ఇంకొకరికి పంపారు అన్నది చూడండి. అంతకంటే మంచి కొలత కాలేజీలోనే ఉంది: పేజీ చూసి మేడం దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వచ్చిన పిల్లలు ఎందరు? జూన్‌లో పేర్లు లేకుండా చిన్న ప్రశ్నపత్రం ఇవ్వండి: డిప్రెషన్ లక్షణాలు ఏమిటి, ఎవరికి చెబుతావు, హెల్ప్‌లైన్ నంబర్ ఎంత? అదే ఫిబ్రవరిలో మళ్లీ ఇవ్వండి. ఏ ప్రశ్నకు జవాబులు మెరుగుపడలేదో, వచ్చే ఏడాది వీడియోలు దాని మీద చేయండి. వేసవి సెలవుల్లో పేజీకి వచ్చే మెసేజ్‌లు చూసుకునేవాళ్లు లేకపోతే ఆ సంగతి ముందే పోస్ట్ చేసి, 14416ను పైన పిన్ చేసి వెళ్లండి. ఇంటర్ ఫలితాలు వచ్చేది ఆ సెలవుల్లోనే.